ఇస్లాంలో సంస్కరణ: లూథర్ ఎప్పుడో వచ్చాడు, మార్పు మాత్రం వేరే దారిన నడిచింది

"ముస్లింల పాలనలో సంస్కరణలు సాధ్యమేనా?" అంటూ 1881లో మాల్కం మెకాల్ అనే ఆంగ్లికన్ మతాచార్యుడు లండన్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. సాధ్యం కాదని తానే తేల్చేశాడు. ఇస్లాం చట్టం దేవుడిచ్చింది, దేవుడిచ్చిన దాన్ని మనిషి మార్చలేడు, కాబట్టి ముస్లిం సమాజం ఉన్నచోటే ఉండిపోతుంది. స్థూలంగా ఆయన వాదన ఇది.

దానికి గట్టి జవాబు హైదరాబాద్ నుంచి వెళ్లింది. నిజాం ప్రభుత్వంలో ఉద్యోగి అయిన చిరాగ్ అలీ 1883లో బొంబాయిలో ఒక పుస్తకం అచ్చువేయించాడు, అదీ ఇంగ్లిష్‌లో. మీరు ఇస్లాం చట్టం అంటున్నది తొలి శతాబ్దాల పండితులు తమ బుద్ధితో, తమ కాలపు అవసరాలను బట్టి కూర్చిన శాస్త్రం, అది ఖురాన్ కాదు, ఖురాన్ శిక్షాస్మృతి కాదు, మనుషులు కూర్చిన దాన్ని మనుషులు మార్చుకోవచ్చు అన్నాడు. బహుభార్యత్వం గురించైతే ఖురాన్ వాక్యాలు రెండింటిని పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ రెండు వాక్యాల సంగతి మళ్లీ వస్తుంది.

తమాషా ఏమిటంటే, ఆ వాదన జరుగుతున్న రోజులకు కాస్త అటూ ఇటూగా అదే హైదరాబాద్‌లో జమాలుద్దీన్ అఫ్ఘానీ ఉన్నాడు. ఇస్లామిక్ సంస్కర్తల జాబితా ఎవరు రాసినా మొదటి పేజీలో కనిపించే పేరు అది. ఆయన ఇక్కడ కూర్చుని పారసీలో రాసిందేమిటంటే, ముస్లింలకు పాశ్చాత్య చదువు చెప్పించేందుకు అలీగఢ్‌లో కాలేజీ పెట్టిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనుచరుల మీద దండయాత్ర. ప్రకృతి నియమాలకు సరిపోయేలా ఖురాన్‌ను వ్యాఖ్యానిస్తున్నారని వాళ్లకు 'నేచరీలు' అని పేరు. చిరాగ్ అలీ కూడా సర్ సయ్యద్ వర్గం మనిషే. అంటే సంస్కరణ కావాలన్న రెండు పక్షాలు ఒకే ఊళ్లో కత్తులు నూరుకున్నాయి. ఒకరికి బ్రిటిష్‌వాడితో సర్దుకుని చదువుకోవడం సంస్కరణ. ఇంకొకరికి బ్రిటిష్‌వాణ్ని తరిమేందుకు ముస్లింలను ఏకం చేయడం సంస్కరణ.

టీవీ చర్చల్లో ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ మరో మాట తోక పట్టుకుని వస్తుంది: "ఇస్లాంకు ఒక మార్టిన్ లూథర్ కావాలి." అనేవాళ్లు దాన్ని శుభాకాంక్షలా అంటారు. లూథర్ చేసిందేమిటో ఒకసారి చూద్దాం. 1517లో ఆయన తిరగబడింది చర్చి పెత్తనం మీద, పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద. తర్వాత సాధువుల పూజ మీదికీ వెళ్లాడు. మధ్యవర్తులు అక్కర్లేదు, మూలగ్రంథానికి తిరిగి పోదాం అన్నాడు. దానివల్ల యూరప్‌కు ఉదారవాదం ఏమీ మర్నాడే ఊడిపడలేదు. నూరేళ్ల తర్వాత 1618 నుంచి 1648 దాకా ముప్పయ్యేళ్ల యుద్ధం మాత్రం వచ్చింది.

ఆ కొలతతో కొలిస్తే ఇస్లాంకు లూథర్ ఎప్పుడో వచ్చాడు. అరేబియాలోని నజ్ద్ ప్రాంతంలో ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్ చెప్పింది అచ్చంగా అదే. సమాధుల దగ్గర మొక్కులేమిటి, పీర్లను అడగడమేమిటి, ఖురాన్‌కూ హదీసుకూ (ప్రవక్త మాటలూ చేతల సంకలనానికీ) తిరిగి రండి. 1744లో దిరియా పాలకుడు ముహమ్మద్ ఇబ్న్ సౌద్‌తో ఒప్పందం కుదిరాక ఆ బోధకు కత్తి తోడైంది. మదీనాలో ప్రవక్త బంధువుల సమాధులున్న బఖీ శ్మశానంలో గుమ్మటాలు రెండుసార్లు కూల్చారు. ఒకసారి 19వ శతాబ్దం మొదట్లో, మళ్లీ 1920లలో.

తెలుగు నేల మీద కూడా సంస్కరణ అనేది చాలా ఊళ్లకు ముందుగా ఈ రూపంలోనే చేరింది. తెలంగాణ పల్లెల్లో మొహర్రం అంటే పీర్ల పండగ. పీర్లను ఎత్తుకునేవాళ్లలో, అలావా (నిప్పుల గుండం) చుట్టూ ఆడేవాళ్లలో హిందువులే ఎక్కువమంది ఉన్న ఊళ్లు బోలెడు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ, కడప పెద్ద దర్గా ఉరుసు కూడా ఆ కోవలోవే. ఇవేవీ అసలు ఇస్లాం కాదు, మానుకోండి అని ఇంటింటికీ తిరిగి చెప్పినవాళ్లు తమను తాము సంస్కర్తలుగానే భావించుకున్నారు. దూదేకుల కుటుంబాల్లో తాతల తరంలో హుసేనప్ప, మస్తానయ్య లాంటి పేర్లుంటే మనవల తరానికి అచ్చమైన అరబీ పేర్లు రావడం వెనక కూడా కొంత ఆ ప్రభావం ఉంది. ఇది మంచా చెడా అనేది తర్వాత. సంస్కరణ అనగానే అది మనకు నచ్చిన దిక్కుకే నడుస్తుందని అనుకోవడం మాత్రం పొరపాటు.

మరి మెకాల్ అడిగిన అసలు విషయం సంగతేమిటి? చట్టం మారుతుందా?

ఇక్కడ ఒక తేడా తెలియాలి. షరియత్ అంటే ముస్లింల నమ్మకం ప్రకారం దేవుడు చూపిన దారి. ఆ దారి ఏమిటో వెతికి పండితులు రాసుకున్న న్యాయశాస్త్రం ఫిఖ్. ఫిఖ్ ఒకటి కాదు. సున్నీలలోనే హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అని నాలుగు సంప్రదాయాలున్నాయి, షియాల జాఫరీ సంప్రదాయం వేరు. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది హనఫీలు. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ నుంచి వచ్చి స్థిరపడ్డ హద్రమీ కుటుంబాలు షాఫయీలు. ఒకే ప్రశ్నకు ఈ నాలుగూ నాలుగు రకాలుగా జవాబు చెప్పడం మామూలు. నాలుగూ సరైనవేనని సున్నీ పండితుల్లో అత్యధికులు ఒప్పుకుంటారు. స్వయంగా ఆలోచించి కొత్త తీర్పు చెప్పడాన్ని ఇజ్తిహాద్ అంటారు. వెయ్యేళ్ల కిందటే ఇజ్తిహాద్ తలుపులు మూసుకుపోయాయని చాలాకాలం పాఠ్యపుస్తకాలు రాశాయి. వాయెల్ హల్లాక్ అనే పరిశోధకుడు 1984లో మధ్యయుగపు న్యాయగ్రంథాలు తిరగేసి, ఆ తలుపులు నిజానికి ఎన్నడూ పూర్తిగా మూతపడలేదని వాదించాడు. దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది గానీ, తలుపు సంగతి అలా ఉంచి కిటికీల నుంచి ఎంత జరిగిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

దీనికి నాకు తెలిసిన అతి మంచి ఉదాహరణ మన దేశంలోదే. దాన్ని కాస్త నింపాదిగా చెప్పుకోవాలి.

బ్రిటిష్ ఇండియా కోర్టుల్లో హనఫీ స్త్రీల పరిస్థితి ఘోరంగా ఉండేది. భర్త కొట్టినా, తిండిపెట్టకపోయినా ఆమె కోర్టుకు వెళ్లి విడాకులు పొందేందుకు హనఫీ శాస్త్రంలో దాదాపుగా వీలు లేదు. మొగుడు ఊరొదిలి పత్తా లేకుండా పోతే మరీ దారుణం. అతని ఈడువాళ్లంతా పోయేదాకా, లెక్కకు చెప్పాలంటే అతనికి తొంభై ఏళ్లు నిండేదాకా అతను బతికున్నట్టే లెక్క. అంటే ఇరవయ్యేళ్ల భార్య ముసలిదై చచ్చేదాకా అతని భార్యే.

అయితే అదే శాస్త్రంలో ఒక సందు ఉంది. భార్య ఇస్లాం వదిలేస్తే పెళ్లి దానంతటదే రద్దవుతుంది. పంజాబ్‌లో ఆడవాళ్లు ఆ సందులోంచే బయటపడటం మొదలుపెట్టారు. చర్చికి వెళ్లి బాప్తిస్మం తీసుకోవడం, ఆ కాగితం కోర్టులో చూపించడం, పెళ్లి రద్దు. 1929లో మద్రాస్, హైదరాబాద్‌లలో ఉపన్యాసాలిచ్చి, మరుసటేడు వాటిని పుస్తకంగా తెచ్చిన కవి ఇక్బాల్ అందులో ఈ సంగతి ఎత్తాడు. వద్దనుకున్న భర్తను వదిలించుకోవడానికి ముస్లిం స్త్రీ మతాన్నే వదులుకోవాల్సి రావడమేమిటని నిలదీశాడు.

ఇక్బాల్ పాశ్చాత్య చదువులు చదివినవాడు, ఆయన అనడంలో వింత లేదు. ఈ ముడి విప్పింది మాత్రం అష్రఫ్ అలీ థాన్వీ. దేవ్‌బంద్ మదర్సా సంప్రదాయంలో ఆయన మహా పండితుడు, ఏ కోణంలోంచి చూసినా ఛాందసుడు. మర్యాదస్తురాలైన ఇల్లాలు ఎలా నడుచుకోవాలో చెబుతూ ఆయన రాసిన పుస్తకాన్ని కొత్త పెళ్లికూతుళ్లకు కానుకగా ఇచ్చేవారు. మతం వదిలితే పెళ్లి రద్దవుతుందని ఒకప్పుడు ఫత్వా ఇచ్చినవాడు కూడా ఆయనే. ఆడవాళ్లు మతం మారిపోతున్నారని తెలిశాక ఆయన శాస్త్రంలోకి మళ్లీ దిగాడు. మదీనాలోని మాలికీ ముఫ్తీలతో (ఫత్వాలిచ్చే పండితులతో) ఉత్తరాలు నడిపాడు. మాలికీ సంప్రదాయంలో భర్త కనబడకుండా పోతే నాలుగేళ్లు చూస్తే చాలు. పోషించని భర్త నుంచీ, హింసించే భర్త నుంచీ విడిపోయేందుకు దారి ఉంది. ఖాజీ లేనిచోట ధర్మపరులైన ముస్లింల పంచాయతీ కూడా ఆ పెళ్లి రద్దు చేయవచ్చు. గత్యంతరం లేని కష్టం వచ్చినప్పుడు హనఫీలు మాలికీ తీర్పును తీసుకోవచ్చని థాన్వీ 1930ల తొలినాళ్లలో రాసి, ఇతర ఉలమాల (మతపండితుల) సమ్మతి కూడా సంపాదించాడు. మతం వదిలితే పెళ్లి రద్దన్న తన పాత తీర్పును వెనక్కి తీసుకున్నాడు.

1936లో ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టాడు. 1939లో అది ముస్లిం వివాహాల రద్దు చట్టమైంది. నాలుగేళ్లు భర్త ఆచూకీ లేకపోవడం, రెండేళ్లు పోషించకపోవడం, ఏడేళ్లు, అంతకు మించి జైలుశిక్ష పడటం, క్రూరత్వం, ఇలా వరసగా కారణాలు అందులో రాశారు. హనఫీ శాస్త్రం కష్టం కలిగించే చోట మిగతా మూడు సంప్రదాయాల నుంచి తెచ్చుకోవచ్చని హనఫీ పండితులే చెప్పారని బిల్లు లక్ష్యాల్లోనే పేర్కొన్నారు. మతం మారినంత మాత్రాన పెళ్లి రద్దు కాదని నాలుగో సెక్షన్ చెప్పింది. ఇలాంటి కేసులు ముస్లిం జడ్జీ మాత్రమే వినాలని ఉలమా కోరారు. శాసనసభ దానికి ఒప్పుకోలేదు. ఆ విషయంలో వాళ్లు అసంతృప్తిగానే మిగిలారు.

ఈ కథలో నాకు నచ్చేది థాన్వీ ఉద్దేశం. స్త్రీ విముక్తి ఆయన మనసులో ఉందని చెప్పలేం. మతం నుంచి జనం జారిపోకుండా చూసుకోవడమే ఆయన తాపత్రయం. అయినా లక్షలాది ఆడవాళ్లకు కోర్టు తలుపు తెరుచుకుంది. హిందూ స్త్రీకి దేశవ్యాప్తంగా విడాకుల హక్కు రావడానికి ఆ తర్వాత ఇంకో పదహారేళ్లు, 1955 దాకా పట్టింది. ఇస్లాం మారదు, హిందూ ధర్మం మారుతుంది అని తేలిగ్గా అనేవాళ్లు ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి.

ముమ్మారు తలాక్ కథ కూడా ఇలాగే మన అంచనాలను తలకిందులు చేస్తుంది. ఒకే బిగిన మూడుసార్లు తలాక్ అంటే ప్రవక్త కాలంలో, తొలి ఖలీఫా అబూబక్ర్ కాలంలో, రెండో ఖలీఫా ఉమర్ పాలన తొలి రెండేళ్లలో ఒక్కటిగానే లెక్కించేవారని, తర్వాత ఉమర్ దాన్ని మూడుగా అమలు చేశాడని సహీ ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. నాలుగు సున్నీ సంప్రదాయాలూ మూడుగానే స్థిరపరిచాయి. దాన్ని కాదని, ఒక్కటే అన్నవాళ్లలో ప్రముఖుడు ఇబ్న్ తైమియా. 1263లో పుట్టి 1328లో డమాస్కస్ కోటలో బందీగా చనిపోయినవాడు. తలాక్ ఫత్వా మానుకోనందుకు ఆయన్ను అంతకు ముందే ఒకసారి జైల్లో పెట్టారు. ఇదే ఇబ్న్ తైమియా నేటి అతి ఛాందస వర్గాల్లో చాలావాటికి గురుతుల్యుడు. మన దేశంలో ముమ్మారు తలాక్‌ను ఒక్కటిగా లెక్కించే ముస్లింలు అహలె హదీస్ వాళ్లు. దర్గాలకు వెళ్లొద్దని గట్టిగా చెప్పేవాళ్లూ వాళ్లే. దర్గా పాటలు, సూఫీ సహనం అని మనం ముచ్చటపడే బరేల్వీ సంప్రదాయం తలాక్ దగ్గర హనఫీ తీర్పును గట్టిగా పట్టుకుంది. ఒకే మనిషి ఒక విషయంలో ఉదారంగా, ఇంకో విషయంలో కఠినంగా ఉండొచ్చు. 'ఉదారవాద ముస్లిం', 'ఛాందస ముస్లిం' అన్న రెండు గళ్ల డబ్బా ఇక్కడ పనికిరాదు.

ఈజిప్ట్ 1929లోనే ఏకకాలపు మూడు తలాక్‌లను ఒకటిగా లెక్కిస్తూ చట్టం చేసింది. పాకిస్తాన్ 1961లో తలాక్‌కు నోటీసు, తొంభై రోజుల గడువు పెట్టింది. మన సుప్రీంకోర్టు అది చెల్లదనడానికి 2017 ఆగస్టు దాకా పట్టింది, అదీ అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. ఆ కేసులో ముస్లిం పర్సనల్ లా బోర్డు వాదన వినండి: ఇలా తలాక్ చెప్పడం పాపమే, కానీ చెల్లుతుంది. ఈ బోర్డు 1973లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. పాపమని ఒప్పుకున్నదాన్ని కోర్టులో కాపాడాల్సిన అవసరం ఎందుకొచ్చిందనేది మతశాస్త్రం వివరించలేదు. రాజకీయం వివరిస్తుంది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి భరణం ఇవ్వాలన్న 1985 షాబానో తీర్పు, దాన్ని తిరగతోడుతూ 1986 చట్టం, ఆ తర్వాతి మతఘర్షణల కాలం, వీటన్నింటి మధ్య పర్సనల్ లా అనేది ఒక అల్పసంఖ్యాక సమాజం తన ఉనికికి గుర్తుగా పట్టుకున్న జెండా అయిపోయింది. ముట్టడిలో ఉన్నామనుకునేవాళ్లు కోట గోడకు మరమ్మతులు పెట్టుకోరు. 2019లో వచ్చిన చట్టం దీన్ని ఇంకా బిగించింది. చెల్లదని కోర్టే తేల్చిన మాటకు మూడేళ్ల దాకా జైలు అనడంలో భార్యకు ఒరిగేదేమిటో, భర్త జైల్లో ఉంటే భరణం ఎవరిస్తారో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

బానిసత్వం గురించి ఒక్క మాట. ఖురాన్ బానిసల విడుదలను పుణ్యం అంది తప్ప బానిసత్వాన్ని రద్దు చేయలేదు. ఫిఖ్ గ్రంథాల్లో బానిసల మీద అధ్యాయాలకు అధ్యాయాలున్నాయి. ట్యునీషియా పాలకుడు అహ్మద్ బే 1846లో ముఫ్తీల సమ్మతితో దాన్ని రద్దు చేశాడు, ఫ్రాన్స్ తన వలసల్లో శాశ్వతంగా రద్దు చేయడానికి రెండేళ్ల ముందు. సౌదీ అరేబియా 1962 దాకా ఆగింది, మారిటేనియా 1981 దాకా. ఇవాళ ప్రధాన స్రవంతి పండితుడెవరూ బానిసత్వాన్ని తిరిగి తెమ్మనడు. ఐసిస్ యజీదీ స్త్రీలను బానిసలుగా పెట్టుకున్నప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ ఉలమా ఖండించారు. గ్రంథంలో ఒక్క అక్షరం మారలేదు, ఆచరణ మాత్రం పూర్తిగా మారిపోయింది.

ఇప్పుడు చిరాగ్ అలీ పక్కపక్కన పెట్టిన రెండు వాక్యాల సంగతి. ఖురాన్ నాలుగో అధ్యాయం మూడో వాక్యం నలుగురి దాకా పెళ్లాడవచ్చంటూనే, సమానంగా చూడలేమనే భయముంటే ఒక్కరినే అంటుంది. అదే అధ్యాయం 129వ వాక్యం, మీరు ఎంత కోరుకున్నా భార్యల మధ్య సమన్యాయం చేయలేరు అంటుంది. రెండూ కలిపి చదివితే బహుభార్యత్వం ఆచరణలో నిషిద్ధమే కదా అన్నది ఆయన వాదన. ఈజిప్ట్ ముఫ్తీగా పనిచేసిన ముహమ్మద్ అబ్దూ కూడా దాదాపు అటే వచ్చాడు. 1956లో ట్యునీషియాలో బుర్గీబా ప్రభుత్వం బహుభార్యత్వాన్ని నేరం చేసినప్పుడు సమర్థనగా చూపించింది ఈ తర్కాన్నే. రెండో వాక్యం మాట్లాడేది ప్రేమానురాగాల గురించి, మొదటిది తిండీ బట్టా ఇల్లూ గురించి, రెంటికీ ముడిపెట్టకూడదని సంప్రదాయ పండితుల జవాబు. ఎవరి జవాబు గెలిచిందన్నది వ్యాకరణం తేల్చలేదు. ట్యునిస్‌లో అధికారం ఎవరి చేతిలో ఉందో అది తేల్చింది.

అసలు చిక్కు ఇక్కడే. సున్నీ ఇస్లాంలో పోప్ లేడు. ఒక వాటికన్ సభ కూర్చుని ఇవాళ్టి నుంచి ఇలా అని ప్రకటించే వీలు లేదు. అందువల్ల మార్పు ఎవరైనా ప్రతిపాదించవచ్చు, ఎవరూ ముగించలేరు. ఆ ఖాళీలోకి రాజ్యం జొరబడింది. ఈజిప్ట్‌లో నాసర్ 1961లో అల్ అజ్‌హర్ మతవిశ్వవిద్యాలయాన్ని ప్రభుత్వం గుప్పిట్లోకి తెచ్చాడు. టర్కీలో అతాతుర్క్ 1924లో ఖిలాఫత్‌ను (ఖలీఫా పదవిని), రెండేళ్లకు షరియత్ కుటుంబ చట్టాన్ని తీసేసి స్విస్ సివిల్ కోడ్ పెట్టాడు. నియంతలూ వలస ప్రభుత్వాలూ చేతబట్టిన సంస్కరణకు జనంలో ఎంత పరపతి ఉంటుంది? జీతం తీసుకునే ముఫ్తీ ఏం చెప్పినా సర్కారు మాట అనే అనుకుంటారు.

వ్యక్తులు ఒంటరిగా నిలబడితే చెల్లించిన మూల్యం మామూలుది కాదు. ఖిలాఫత్ మతవిధి కాదు, రాజకీయ ఏర్పాటు అని 1925లో రాసినందుకు అలీ అబ్దుల్ రాజిక్‌ను అల్ అజ్‌హర్ పండిత వర్గం నుంచి వెలివేశారు. సూడాన్‌లో మహమూద్ ముహమ్మద్ తాహా, మక్కాలో అవతరించిన వాక్యాలే శాశ్వత సందేశమని, మదీనాలో వచ్చిన చట్టపరమైన వాక్యాలు ఆ కాలానికే పరిమితమని బోధించాడు. అధ్యక్షుడు నుమైరీ ప్రభుత్వం 1985 జనవరి 18న ఖార్టూమ్‌లో డెబ్బై దాటిన ఆ ముసలాయన్ను ఉరితీసింది. మూడు నెలలు తిరక్కుండానే నుమైరీ గద్దె దిగాడు. ఈజిప్ట్‌లో నస్ర్ హామిద్ అబూ జైద్ ఖురాన్‌ను చారిత్రక భాషాగ్రంథంగా చదివినందుకు 1995లో కోర్టు ఆయన్ను మతభ్రష్టుడన్నది. మతభ్రష్టుడికి ముస్లిం భార్య ఉండరాదు కాబట్టి పెళ్లి రద్దన్నది. భార్యాభర్తలిద్దరూ నెదర్లాండ్స్‌కు వెళ్లిపోయారు. పంజాబ్‌లో ఆడవాళ్లకు తప్పించుకునే దారైన అదే పాత సూత్రం ఇక్కడ కలిసి ఉండాలనుకున్న దంపతులను విడదీసే ఆయుధమైంది.

మతం వదిలినవాడికి శిక్ష అన్న ఈ ఒక్క చోట మాత్రం మెకాల్ లాంటివాళ్ల విమర్శకు బలం ఉందని నేననుకుంటాను. "మతంలో బలవంతం లేదు" అనే ఖురాన్ వాక్యం ఉంది, ఈ లోకంలో మతత్యాగికి మరణశిక్ష అని ఖురాన్‌లో ఎక్కడా లేదు. హదీసు ఆధారంగా ఫిఖ్ ఆ శిక్షను నిలబెట్టింది. దీన్ని సవాలు చేసిన పండితులు ఉన్నారు గానీ, చర్చకు దిగితే దిగినవాడి మీదే అదే నేరం మోపే వీలు చాలా దేశాల్లో ఇంకా ఉంది. మిగతా సంస్కరణలన్నిటికీ ముందు తెరవాల్సిన గేటు ఇదే.

మన దగ్గర ఆ భయం అంత లేదు, కాబట్టి మార్పు చిల్లరచిల్లరగా కోర్టుల్లో నడుస్తోంది. 2024 జులైలో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని చెప్పింది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా మీద ఇచ్చిన తీర్పు ఇంకా దూరం వెళ్లింది. భార్య కోరుకునే విడాకులకు భర్త సమ్మతి అవసరం లేదని, అది ఆమె హక్కని, ముఫ్తీ ఇచ్చే కాగితం సలహా మాత్రమేనని తేల్చింది. ఇద్దరు జడ్జీలూ ముస్లింలు కారు. తీర్పుకు ఆధారం మాత్రం ఖురాన్ వాక్యాలూ ఇస్లామిక్ న్యాయశాస్త్రమే. 1939లో ఉలమా భయపడింది ఇలాంటి జడ్జీల గురించే.

ఇంకా కదలని బండ వారసత్వం. కొడుకు వాటాలో కూతురికి సగం అన్నది ఫిఖ్ ఊహించి చెప్పింది కాదు, నాలుగో అధ్యాయం పదకొండో వాక్యంలో సూటిగా ఉంది. ట్యునీషియాలో కూడా అధ్యక్షుడు ఎసెబ్సీ 2018లో సమాన వాటా బిల్లు తెస్తే అది పార్లమెంటు దాటలేదు. కొడుకుల్లేని ఇళ్లలో బాధ వేరు. సున్నీ లెక్క ప్రకారం ఇద్దరు, అంతకు మించి కూతుళ్లుంటే వాళ్లకు మూడింట రెండు వంతులు పోగా మిగిలిందాంట్లో తండ్రి అన్నదమ్ములకు హక్కు వస్తుంది. వీలునామా రాద్దామంటే మూడో వంతుకు మించి కుదరదు, అదీ మిగతా వారసులు ఒప్పుకోకపోతే వారసుల పేర కుదరదు. అందుకే చాలామంది తండ్రులు బతికుండగానే హిబా (దానం) కింద కూతుళ్ల పేర ఇల్లు రాసి, స్వాధీనం కూడా అప్పజెబుతారు. ఫిఖ్‌కు దానిమీద అభ్యంతరం లేదు. కేరళలో ముగ్గురు ఆడపిల్లలున్న ఒక న్యాయవాది దంపతులు 2023 మహిళా దినోత్సవం నాడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, ఏనాడో నిఖా అయినవాళ్లు ప్రత్యేక వివాహ చట్టం కింద మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆస్తి ఇక భారత వారసత్వ చట్టం ప్రకారం జీవిత భాగస్వామికీ పిల్లలకే వెళుతుంది, అన్నదమ్ములకు కాదు. కొన్ని మతసంస్థలు అది షరియత్‌ను కాదనడమేనన్నాయి. తాము మతం వదల్లేదని, ఆడపిల్లలకు అన్యాయం జరగకూడదన్నదే తమ ఉద్దేశమని ఆ దంపతులు చెప్పారు.